కోర్ లేని పీసీబీ ట్రాన్స్‌ఫార్మర్‌తో గేట్ డ్రైవర్ సరఫరా: ఎంతవరకు నమ్మవచ్చు?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. 400 వోల్టుల బస్ (ఉమ్మడి సరఫరా లైను) మీద పనిచేసే సిలికాన్ కార్బైడ్ హాఫ్ బ్రిడ్జి (పైన ఒకటి, కింద ఒకటి స్విచ్చులున్న సర్క్యూట్) ఒకటి చేస్తున్నాను. పై స్విచ్చి గేట్ డ్రైవర్‌కు (స్విచ్చిని తెరిచి మూసే చిన్న సర్క్యూట్‌కు) విడిగా, ఇన్సులేషన్‌తో కూడిన సరఫరా కావాలి: ప్లస్ 15, మైనస్ 4, అంటే మొత్తం 19 వోల్టులు. ఇప్పటివరకు చిన్న ఫెర్రైట్ రింగు మీద మూడు పొరల ఇన్సులేషన్ తీగతో చేత్తో చుట్టిస్తున్నాం. చుట్టే మనిషి మారినప్పుడల్లా లీకేజీ (రెండో వైండింగుకు చేరని అయస్కాంత క్షేత్రం వాటా) మారుతోంది, రెండు వైండింగుల మధ్య కెపాసిటెన్స్ మారుతోంది. వంద బోర్డులు చేయాలంటే ఇది నడిచే పని కాదు.

అందుకని వైండింగులను నేరుగా పీసీబీ (ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు) మీద స్పైరల్ ట్రాకులుగా గీసి, ఫెర్రైట్ కోర్ అసలే లేకుండా చేయాలనుకుంటున్నాను. స్విచ్చింగ్ సమయంలో వోల్టేజి నానోసెకనుకు 50 వోల్టుల వేగంతో మారుతుంది. నాకు కావలసిన శక్తి 1 నుంచి 2 వాట్లు. మొదటి ఆలోచన ఇది: మామూలు 1.6 మి.మీ. రెండు పొరల బోర్డు, పైన ప్రైమరీ, కింద సెకండరీ, ఒక్కోటి 20 చుట్లు, బయటి వ్యాసం 30 మి.మీ., లోపలి వ్యాసం 10 మి.మీ. చేసి చూసినవారు చెప్పండి.

పాత బెంచీ (హైదరాబాద్)

నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిస్తూ పెరిగినవాడిని, కాబట్టి నా మొగ్గు ముందే తెలుసుకోండి. కోర్ తీసేస్తే మాగ్నెటైజింగ్ ఇండక్టెన్స్ పడిపోతుంది. దాంతో లోడు లేకపోయినా ప్రైమరీ కరెంటు లాగుతూనే ఉంటుంది. కప్లింగ్ (ఒక కాయిల్ క్షేత్రం రెండోదానికి ఎంతమేరకు చేరుతుందో చెప్పే అంకె) 1కి దగ్గరకు రాదు. పైగా మీ చుట్ల మధ్య మైదానమంత రాగి ఎదురెదురుగా ఉంటుంది, అది మంచి కెపాసిటర్. మీ గేట్ డ్రైవర్‌కు హాని చేసేది అదే. ఫెర్రైట్ ప్లానార్ కోర్ వాడితే చుట్లు తగ్గుతాయి, రాగి విస్తీర్ణం తగ్గుతుంది, సమస్య సగం తీరుతుంది. కోర్ ఖర్చుకు భయపడి ఇంజినీరింగ్ ఖర్చు పెంచుకోవద్దని నా మాట.

రాగిరేకు (బెంగళూరు)

పాత బెంచీ గారి చివరి మాట మీద తర్వాత మాట్లాడదాం, ఆ కెపాసిటర్ సంగతి మాత్రం నిజమే. ముందు సాగరతీరం గారి బొమ్మనే లెక్క వేసి చూద్దాం. ఇక్కడ ఊహతో వాదించవలసిన అవసరం లేదు, గుండ్రటి స్పైరల్‌కు సూత్రం ఉంది.

సగటు వ్యాసం 20 మి.మీ. బయటి, లోపలి వ్యాసాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే 0.5. 20 చుట్లకు ఇండక్టెన్స్ సుమారు 8.3 మైక్రోహెన్రీ వస్తుంది. తీగ పొడవు సుమారు 1.26 మీటర్లు. ట్రాకు వెడల్పు 0.3 మి.మీ., మందం 35 మైక్రాన్లు అయితే నిరోధం 2 ఓముల పైచిలుకు.

ఇప్పుడు ఈ కాయిల్‌ను వేర్వేరు ఫ్రీక్వెన్సీల దగ్గర చూడండి. 50 హెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్ (ఇండక్టెన్స్ వల్ల కరెంటుకు కలిగే అడ్డు) 2.6 మిల్లీఓములు, అంటే అది ఉత్త నిరోధం. 100 కిలోహెర్ట్జ్ దగ్గర 5 ఓములు: ట్రాన్స్‌ఫార్మర్ అనిపించుకోవడానికి ఇప్పుడిప్పుడే మొదలు. 2 మెగాహెర్ట్జ్ దగ్గర 104 ఓములు, ఇక్కడ అసలైన పని జరుగుతుంది. అదే రాగి, అదే బోర్డు. "కోర్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాదు" అనే అభిప్రాయం 50 హెర్ట్జ్ నుంచి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పెంచగలిగిన రోజున కోర్ చేసే పని చాలావరకు ఫ్రీక్వెన్సీయే చేసిపెడుతుంది.

స్కిన్ ఎఫెక్ట్ గురించి ఎవరైనా అడిగే ముందే: రాగిలో కరెంటు చొచ్చుకుపోయే లోతు 1 మెగాహెర్ట్జ్ దగ్గర 66 మైక్రాన్లు, 4 దగ్గర 33. మన రాగి మందమే 35. కాబట్టి మందం వైపు నుంచి పెద్ద నష్టం లేదు. పక్క పక్క చుట్ల ప్రభావం వల్ల కొంత నిరోధం పెరుగుతుంది. 2 మెగాహెర్ట్జ్ దగ్గర క్యూ విలువ (రియాక్టెన్స్‌ను నిరోధంతో భాగిస్తే వచ్చేది) 40 అనుకుంటే సురక్షితం.

ల్యాబ్ విద్యార్థి (వరంగల్)

సర్, కప్లింగ్ ఎంత వస్తుందో కొలవడానికి సులువైన పద్ధతి ఉందా? మా దగ్గర ఎల్‌సీఆర్ మీటరు (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, నిరోధం కొలిచేది) ఉంది, సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లేదు.

రాగిరేకు

ఆ మీటరు ఒక్కటే చాలు. సెకండరీ తెరిచి ఉంచి ప్రైమరీ ఇండక్టెన్స్ కొలవండి. సెకండరీ చివరలు రెండూ కలిపేసి మళ్ళీ కొలవండి. రెండో విలువను మొదటి విలువతో భాగించి, 1 లోంచి తీసేసి, వర్గమూలం తీసుకోండి. అదే కప్లింగ్. మీటరులో ఉన్న అన్నిటికంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ పెట్టండి, తక్కువ ఫ్రీక్వెన్సీలో నిరోధం లెక్కను చెడగొడుతుంది.

సరిగ్గా ఈ కొలతల కాయిల్ నా దగ్గర ఉంది. తెరిచినప్పుడు 8.4, కలిపినప్పుడు 3.6 మైక్రోహెన్రీ. కప్లింగ్ 0.76 అన్నమాట. మధ్యలో 1.6 మి.మీ. బోర్డు బదులు అలాంటివే రెండు, అంటే 3.2 మి.మీ. పెడితే, కలిపినప్పటి విలువ 5.8కి పెరిగింది, కప్లింగ్ 0.56కి దిగింది.

పాత బెంచీ

0.76 అంటే ప్రైమరీ ఇండక్టెన్స్‌లో నలభై శాతం పైన లీకేజీ. ఫ్లైబాక్‌లో (శక్తిని ముందు ట్రాన్స్‌ఫార్మర్‌లో నిల్వచేసి తర్వాత వదిలే సరఫరాలో) అయితే ఇలాంటిది చెత్తబుట్టలోకి పోవాల్సిందే. దీంతో సామర్థ్యం ఎలా వస్తుందో చెప్పండి.

రాగిరేకు

ఫ్లైబాక్‌లో అవును. ఇక్కడ ఫ్లైబాక్ వాడం. లీకేజీకి వరుసలో ఒక కెపాసిటర్ పెట్టి రెజొనెన్స్‌లో (రెండింటి రియాక్టెన్స్‌లు ఒకదాన్నొకటి రద్దుచేసుకునే ఫ్రీక్వెన్సీ దగ్గర) నడుపుతాం, అప్పుడు లీకేజీ అడ్డంకి కాదు, సర్క్యూట్‌లో ఒక భాగం. 3.6 మైక్రోహెన్రీకి 2 మెగాహెర్ట్జ్ దగ్గర సరిపోయే కెపాసిటర్ దాదాపు 1.8 నానోఫారడ్.

రెజొనెన్స్‌లో నడిపినప్పుడు కాయిల్ జంట ఇవ్వగల గరిష్ఠ సామర్థ్యం కప్లింగ్, క్యూ ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది, కప్లింగ్ ఒక్కదాని మీద కాదు. ఈ బోర్డుకే లెక్క వేస్తే 100 కిలోహెర్ట్జ్ దగ్గర 37 శాతం, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 90, 2 మెగాహెర్ట్జ్ దగ్గర 93 దాటుతుంది. ఇది కాయిళ్ల వరకే. స్విచ్చులు, డయోడ్ల నష్టం వేరు.

ఇక సాగరతీరం గారికి అసలు ముఖ్యమైన విషయం. దూరం 3.2 మి.మీ.కి పెంచి కప్లింగ్ 0.56కి దిగినా, అదే 2 మెగాహెర్ట్జ్ దగ్గర సామర్థ్యం 91 శాతం. పోయింది రెండు శాతమే. కెపాసిటెన్స్ మాత్రం సగమైంది. ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ బేరం దొరకదు. అక్కడ కప్లింగ్ కోసం వైండింగులను దగ్గరికి నొక్కుతాం, కెపాసిటెన్స్‌ను భరిస్తాం. ఇక్కడ దూరాన్ని మన ఇష్టానికి అమర్చుకోవచ్చు. నేను కోర్ లేని పద్ధతిని అభిమానించేది ఖర్చు తగ్గుతుందని కాదు, ఈ స్వేచ్ఛ కోసం.

సాగరతీరం

కెపాసిటెన్స్ అంకెలు కూడా వేస్తే బాగుంటుంది. నానోసెకనుకు 50 వోల్టులంటే ఎంత కరెంటు దాటుతుంది?

అయస్కాంతం (చెన్నై)

నేను వేస్తాను. 30, 10 మి.మీ. వృత్తాల మధ్య విస్తీర్ణం సుమారు 6.3 చదరపు సెంటీమీటర్లు. మధ్యలో 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్‌4 (పీసీబీలు చేసే గాజు, ఎపాక్సీ పదార్థం). పూర్తిగా రాగి ఉందనుకుంటే 15 పికోఫారడ్. ట్రాకుల మధ్య ఖాళీలు ఉన్నా అంచుల నుంచి క్షేత్రం వ్యాపిస్తుంది కాబట్టి పెద్దగా తగ్గదు. దాన్ని 50 వోల్టులు ప్రతి నానోసెకనుతో గుణిస్తే 0.75 ఆంపియర్. స్విచ్చి మారిన ప్రతిసారీ, 400 వోల్టులు దాటే ఆ 8 నానోసెకన్లపాటు, ముప్పావు ఆంపియర్ మీ కంట్రోలర్ గ్రౌండులోకి దూకుతుంది. ఇది అంగీకరించదగినది కాదు. 3.2 మి.మీ. చేసినా 0.4 ఆంపియర్ ఉంటుంది.

దూరం ఒక్కటే మార్గం కాదు, కాయిల్‌ను చిన్నది చేయండి. వ్యాసం సగం చేస్తే విస్తీర్ణం నాలుగో వంతు అవుతుంది. పోయిన ఇండక్టెన్స్‌ను ఫ్రీక్వెన్సీ పెంచి రాబట్టండి.

అసలు మీకు 2 వాట్లు ఎందుకు? గేట్ చార్జి 120 నానోకూలంబులు, స్వింగు 19 వోల్టులు, స్విచ్చింగ్ 50 కిలోహెర్ట్జ్ అనుకుంటే గేటుకు పోయే శక్తి 0.11 వాటు. డ్రైవర్ ఐసీ సొంత ఖర్చు కలిపినా అర వాటు లోపే. అవసరానికి నాలుగు రెట్లు అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ పెద్దదవుతుంది, దాంతో కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఇక్కడ అతి జాగ్రత్త నేరుగా హాని చేస్తుంది.

ఉత్తరపు చలి (స్వీడన్)

ఈ అంశం మీద తెలుగులో ఇంత చర్చ చూడటం సంతోషం. కొంచెం చరిత్ర జోడిస్తాను, ఎందుకంటే గేట్ డ్రైవర్ ప్రశ్నే ఈ రంగానికి పునాది. 1990ల చివర్లో సిటీ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్‌లో రాన్ హుయ్ బృందం కోర్ లేని పీసీబీ ట్రాన్స్‌ఫార్మర్ల మీద వరుసగా పత్రాలు ప్రచురించింది. వాటిలో తొలి ఉపయోగం మాస్‌ఫెట్, ఐజీబీటీ (స్విచ్చులుగా వాడే ట్రాన్సిస్టర్లు) గేట్ డ్రైవ్ సర్క్యూట్లే. లీకేజీ, సెకండరీ వైపు కెపాసిటర్ కలిసి రెజొనెన్స్ కావడం వల్ల ఒక ప్రత్యేక ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రైమరీ ఇంపీడెన్స్ శిఖరానికి చేరుతుందనీ, ఆ పరిసరాల్లో నడిపితే లోడు లేనప్పటి కరెంటు బాగా తగ్గుతుందనీ వాళ్ళు చూపించారు. పాత బెంచీ గారి మొదటి అభ్యంతరానికి జవాబు అదే. ఆ తర్వాత హుయ్ వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్ల వైపు వెళ్ళారు. రెండింటి గణితమూ ఒకటే.

మా దగ్గర సుండ్స్‌వాల్‌లోని మిడ్ స్వీడన్ విశ్వవిద్యాలయంలో 2010 ప్రాంతంలో ఇదే విషయాన్ని శక్తి సరఫరాల వైపు తీసుకెళ్ళారు. బహుళ పొరల స్పైరళ్లతో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు చేసి, మెగాహెర్ట్జ్‌లలో నడిపారు. ఆ పత్రాల రచయితల్లో తెలుగు పేర్లు కనిపిస్తాయి. వెతికి చదవండి.

చిప్పు లోపల కూడా ఇదే సూత్రం ఉంది. అనలాగ్ డివైజెస్ వారి ఐకప్లర్‌లో రెండు చిన్న స్పైరళ్ల మధ్య 20 మైక్రాన్ల పాలీఇమైడ్ పొర ఉంటుంది. ఇన్ఫినియాన్ తన గేట్ డ్రైవర్లలో వాడే పద్ధతికి పేరే కోర్‌లెస్ ట్రాన్స్‌ఫార్మర్. కాబట్టి సాగరతీరం గారూ, మీ డ్రైవర్ ఐసీ లోపల బహుశా ఇప్పటికే ఇలాంటిది ఒకటి కూర్చుని ఉంది.

పాత బెంచీ

చిప్పులో సిగ్నల్ దాటించడం వేరు, శక్తి దాటించడం వేరు. చిప్పులోనే శక్తి కూడా దాటించే, అనలాగ్ డివైజెస్ వారి ఐసోపవర్ భాగాల సామర్థ్యం మూడో వంతుకు అటూ ఇటూ. పైగా వంద మెగాహెర్ట్జ్ దాటి నడుస్తాయి, వాటి రేడియేషన్ అదుపు చేయడానికి తయారీదారే ప్రత్యేకంగా సూచనల పత్రం రాయవలసి వచ్చింది. మీ 2 మెగాహెర్ట్జ్ కాయిల్ మాత్రం బోర్డు మీద బట్టబయలుగా, కోర్ కవచం లేకుండా ఉంటుంది. రేడియోలన్నీ అరుస్తాయి.

అయస్కాంతం

అది కూడా లెక్కకు నిలబెడదాం. చిన్న లూపు రేడియేషన్ నిరోధం ఎంత? సగటు వ్యాసం 20 మి.మీ., 20 చుట్లు, 2 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 150 మీటర్లు. లెక్క వేస్తే 2 నుంచి 3 నానోఓములు. అందులో ఒక ఆంపియర్ పోయినా ప్రసారమయ్యేది కొన్ని నానోవాట్లు. దగ్గరలో అయస్కాంత క్షేత్రం బలంగానే ఉంటుంది, కానీ దూరం ఘనానికి విలోమంగా తగ్గిపోతుంది. కాయిల్ స్వయంగా యాంటెన్నా కాదు.

అసలు ముద్దాయి పైన చెప్పిన కెపాసిటెన్సే. దాని గుండా దూకిన కరెంటు మీ పవర్ కేబుల్లోకీ మోటారు కేబుల్లోకీ చేరితే, మీటర్ల పొడవున్న ఆ తీగలే యాంటెన్నాలవుతాయి. ఫెర్రైట్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ ఇదే జరుగుతుంది. కోర్ వల్ల ఇలా వైండింగుల మధ్య దూకే కామన్ మోడ్ కరెంటు ఆగదు.

అయితే పాత బెంచీ గారి మాటలో ఒక నిజం ఉంది. కాయిల్ పక్కనుంచి వెళ్ళే చిన్న సిగ్నల్ ట్రాకుల్లోకి ఆ దగ్గరి క్షేత్రం చొరబడుతుంది. కరెంటు సెన్సింగ్ ట్రాకులను కాయిల్‌కు కనీసం దాని వ్యాసమంత దూరంలో పెట్టండి. కాయిల్ పైనా కిందా గ్రౌండు పోయవద్దు. ఆ రాగిలో ఎడ్డీ కరెంట్లు పుట్టి ఇండక్టెన్స్‌ను తినేస్తాయి. ఇనుప డబ్బా మూత దగ్గరగా వచ్చినా అంతే.

ఫ్రీక్వెన్సీ సంగతి: 6.78 మెగాహెర్ట్జ్ పారిశ్రామిక, శాస్త్ర, వైద్య అవసరాలకు కేటాయించిన బ్యాండు. 13.56 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ సులభంగా దొరుకుతుంది, దాన్ని రెండుతో భాగిస్తే సరిగ్గా సగం సగం చతురస్ర తరంగం వస్తుంది. అయితే హార్మోనిక్స్ (మూల ఫ్రీక్వెన్సీ గుణిజాలు) విషయంలో జాగ్రత్త. 13.56, 27.12, 40.68 కూడా కేటాయించిన బ్యాండ్లే, కానీ అవి రెండో, నాలుగో, ఆరో హార్మోనిక్స్. చతురస్ర తరంగంలో బలంగా ఉండేవి మూడోది, ఐదోది: 20.34, 33.9. వాటికి మినహాయింపు లేదు. కాబట్టి అంచులను అవసరానికి మించి పదును చేయవద్దు.

సాగరతీరం

చాలా ఉపయోగపడింది. శక్తిని అర వాటుకు దించుతున్నాను. కొత్త బొమ్మ: బయటి వ్యాసం 15, లోపలిది 5 మి.మీ. చుట్లు తగ్గినదాన్ని భర్తీ చేయడానికి నాలుగు పొరల బోర్డు వాడి, పై రెండు పొరలు ప్రైమరీకి, కింది రెండు సెకండరీకి ఇస్తే ఎలా ఉంటుంది?

రాగిరేకు

రెండు పొరలను వరుసలో కలపడం మంచి ఆలోచన. పొరలు పూర్తిగా కప్లింగ్ అయితే ఇండక్టెన్స్ నాలుగు రెట్లు, నిరోధం రెండు రెట్లే, క్యూ రెట్టింపు. నిజానికి 0.8 మి.మీ. ఎడంతో ఈ చిన్న కాయిల్‌కు మూడున్నర రెట్లు వస్తుంది.

కానీ నాలుగు పొరల బోర్డు దగ్గర ఆగండి. స్పైరల్ లోపలి చివర బయటికి రావాలంటే వయా (పొరలను కలిపే, రాగి పూసిన రంధ్రం) కావాలి. మామూలు వయా బోర్డును ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చుకుని పోతుంది. ప్రైమరీ వయా కింది వైపు సెకండరీ చుట్ల పక్కనే తేలుతుంది. మీరు బోర్డు మందం గుండా ఎంత ఇన్సులేషన్ సంపాదించినా, ఉపరితలం మీద అర మిల్లీమీటరు దూరంలో 400 వోల్టులు ఎదురెదురుగా నిలబడతాయి. మీ మొదటి రెండు పొరల బొమ్మలోనూ ఇదే చిక్కు ఉంది. బ్లైండ్ వయా (బోర్డును పూర్తిగా దాటనిది) అడిగితే బోర్డు ధర పెరుగుతుంది.

నేను చేసే పద్ధతి వేరు. 0.8 మి.మీ. రెండు పొరల బోర్డులు రెండు చేయించండి. ఒకదాని మీద ప్రైమరీ మొత్తం, రెండోదాని మీద సెకండరీ మొత్తం. మధ్యలో రాగి లేని ఎఫ్‌ఆర్‌4 రేకు. వయాలు ఎవరి బోర్డులో వారివే. మధ్య రేకు కాయిళ్ల అంచు దాటి చుట్టూ బయటికి రావాలి, ఉపరితలం మీది దూరం దాని అంచు చుట్టూ తిరిగి లెక్కించాలి. 400 వోల్టుల పని వోల్టేజికి మామూలు ఎఫ్‌ఆర్‌4 మీద ప్రాథమిక ఇన్సులేషన్‌కు 4 మి.మీ., రీఇన్‌ఫోర్స్‌డ్ (రెట్టింపు రక్షణ ఇచ్చే) ఇన్సులేషన్ కావాలంటే 8. రేకు మందం 0.4 మి.మీ. దాటితే ఘన ఇన్సులేషన్ వైపు నుంచి చిక్కు లేదు. మనం కెపాసిటెన్స్ కోసం అంతకంటే చాలా మందం పెడుతున్నాం.

మధ్య రేకు 3 మి.మీ. అయితే కెపాసిటెన్స్ 2 పికోఫారడ్ పైన కొంచెం ఉంటుంది. దూకే కరెంటు 0.1 ఆంపియర్. కప్లింగ్ 0.4 చుట్టూ వస్తుంది. 6.78 మెగాహెర్ట్జ్ దగ్గర క్యూ 60 వస్తుంది కాబట్టి కాయిళ్ల సామర్థ్యం ఇంకా 92 శాతం.

పాత బెంచీ

రెండు బోర్డుల ఆలోచన నాకు నచ్చింది, ఒప్పుకోవలసిందే. కానీ 0.4 కప్లింగ్ దగ్గర ఒక ప్రమాదం ఎవరూ చెప్పలేదు. 12 చుట్ల చొప్పున రెండు పొరలకు 5.2 మైక్రోహెన్రీ అనుకుందాం, 6.78 మెగాహెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ 221 ఓములు. లీకేజీకి సరిపడే కెపాసిటర్ రియాక్టెన్స్ 186. ఈ రెండింటి తేడా, 35 ఓములు, అదే అవుట్‌పుట్ వోల్టేజిని నిర్ణయిస్తుంది. పెద్ద అంకెలు రెండింటి మధ్య చిన్న తేడా. కెపాసిటర్ విలువ 5 శాతం తప్పితే 9 ఓములు మారుతుంది, అవుట్‌పుట్ పాతిక శాతం ఊగుతుంది. వంద బోర్డులు చేస్తానన్నారు, వందా వంద రకాలుగా వస్తాయి. చేత్తో చుట్టడం నుంచి పారిపోయి కెపాసిటర్ టాలరెన్స్ చేతికి చిక్కినట్టు అవుతుంది.

రాగిరేకు

సరిగ్గా గుండెకాయను పట్టుకున్నారు. కప్లింగ్ తగ్గించుకుంటూ పోతే సామర్థ్యం పెద్దగా పడదు కానీ ట్యూనింగ్ పదునెక్కుతుంది. ఆ హద్దు ఎక్కడో తేల్చుకోవాలి. అదే జంటకు మధ్య రేకు 1.6 మి.మీ. చేయండి. కప్లింగ్ 0.55కి పెరుగుతుంది. తేడా 35 నుంచి 67 ఓములకు పెరుగుతుంది, కెపాసిటర్ రియాక్టెన్స్ 154కి దిగుతుంది. 5 శాతం తప్పు ఇప్పుడు అవుట్‌పుట్‌లో 11 శాతం, 2 శాతం సీ0జీ (ఉష్ణోగ్రతతో విలువ దాదాపు మారని రకం) కెపాసిటర్ వాడితే 5 శాతం లోపు. వైండింగుల మధ్య కెపాసిటెన్స్ 4 పికోఫారడ్ దగ్గర, దూకే కరెంటు 0.2 ఆంపియర్. నాకైతే ఇది సరైన చోటు.

ఇలా లీకేజీకి ట్యూన్ చేయడంలో ఒక లాభం కూడా ఉంది. సెకండరీ వైపు నుంచి చూస్తే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ దాదాపు సున్నా అవుతుంది. లోడు మారినా వోల్టేజి నిలకడగా ఉంటుంది. చుట్లు సమానంగా ఉన్నా అవుట్‌పుట్ కప్లింగ్‌కు విలోమంగా పెరుగుతుంది: 0.55 దగ్గర 1.8 రెట్లు.

ల్యాబ్ విద్యార్థి

సర్, వైర్‌లెస్ చార్జింగ్ పాఠంలో రెండు వైపులా కెపాసిటర్లు పెట్టి, లీకేజీకి కాకుండా కాయిల్ పూర్తి ఇండక్టెన్స్‌కు ట్యూన్ చేయమని ఉంది. ఇక్కడ అలా చేయకూడదా?

అయస్కాంతం

గేట్ సరఫరాకు వద్దు. ఆ అమరికలో అవుట్‌పుట్ వోల్టేజి మూలంలా కాక కరెంటు మూలంలా ప్రవర్తిస్తుంది. బ్యాటరీ చార్జింగ్‌కు అది వరం. ఇక్కడ స్విచ్చింగ్ ఆగి లోడు తగ్గిన క్షణంలో అవుట్‌పుట్ వోల్టేజి పైకి ఎగబాకి గేటును కొడుతుంది. సెకండరీ పూర్తిగా తెరుచుకుంటే మరీ ఘోరం: ప్రైమరీకి కనిపించేది తన సొంత నిరోధం ఒక్కటే, స్విచ్చులు కాలిపోతాయి. లీకేజీకి ట్యూన్ చేస్తే తెరుచుకున్నప్పుడు కూడా ఆ 67 ఓములు కాపాడతాయి. ఏ పద్ధతైనా సెకండరీ మీద జీనర్ (వోల్టేజి హద్దు దాటకుండా ఆపే డయోడ్) తప్పనిసరి.

ఉత్తరపు చలి

కోర్ లేకుండా చేయడం ఎంపిక కాక, తప్పనిసరి అయిన చోటు కూడా ఉంది. జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో సీఎంఎస్ డిటెక్టర్ లోపల అయస్కాంత క్షేత్రం 3.8 టెస్లా. శక్తి సరఫరాల్లో వాడే ఫెర్రైట్ అర టెస్లా లోపే సంతృప్తమైపోతుంది, అక్కడ ఏ ఫెర్రైట్ కోర్ అయినా లేనట్టే. అందుకే అలాంటి డిటెక్టర్ల కోసం సెర్న్ తయారుచేసిన డీసీ డీసీ కన్వర్టర్లలో గాలి కోర్ ఇండక్టర్లు ఉంటాయి, స్విచ్చింగ్ మెగాహెర్ట్జ్‌లలో. అవి ట్రాన్స్‌ఫార్మర్లు కావు, కానీ తర్కం ఇదే. ఎంఆర్ఐ గదిలో పెట్టే సర్క్యూట్లకూ ఇదే వర్తిస్తుంది.

సాగరతీరం

బోర్డులు వచ్చాయి, కొలతలు ఇవి. 0.8 మి.మీ. బోర్డులు రెండు, మధ్యలో 1.6 మి.మీ. ఖాళీ ఎఫ్‌ఆర్‌4. ప్రైమరీ పొరకు 12 చుట్లు, సెకండరీ పొరకు 14. ప్రైమరీ 5.1 మైక్రోహెన్రీ, సెకండరీ కలిపితే 3.6. కప్లింగ్ 0.54. వైండింగుల మధ్య 4.5 పికోఫారడ్. వరుసలో 150 పికోఫారడ్ సీ0జీ పెట్టి, 15 వోల్టుల హాఫ్ బ్రిడ్జితో నడిపితే, రెక్టిఫై అయ్యాక 20 వోల్టుల దగ్గర నిలిచింది. లోడు సున్నా నుంచి అర వాటుకు మారినప్పుడు ఒక వోల్టు లోపే దిగింది. జీనర్ పెట్టి 19కి కట్టాను. జంట తర్వాత జంట కొలిస్తే ఇండక్టెన్స్ తేడా మీటరు ఖచ్చితత్వం లోపలే ఉంది. చుట్టే మనిషి మీద ఆధారపడకపోవడం అంటే ఏమిటో ఇప్పుడు అర్థమైంది.

ఒక సందేహం మిగిలింది. ఈ యంత్రాలు సముద్రం పక్కన ఉండే రొయ్యల చెరువుల దగ్గర పెడతాం. తేమ, ఉప్పు గాలి. మూడు రేకుల మధ్య ఖాళీల్లోకి తేమ పోతే?

పాత బెంచీ

ఇది నా అనుభవంలోని ప్రశ్న, కాబట్టి నేనే చెబుతాను. పొడి రేకులను స్క్రూలతో నొక్కి వదిలేయకండి. గాలి పొర మిగిలితే అందులో తేమ చేరుతుంది, ఎక్కువ వోల్టేజి దగ్గర పార్షియల్ డిశ్చార్జి (ఇన్సులేషన్ లోపలి ఖాళీల్లో పుట్టే చిన్న మెరుపులు) కూడా అక్కడే మొదలవుతుంది. మూడింటినీ ఎపాక్సీతో అంటించి, ఎపాక్సీ గట్టిపడే ముందు వ్యాక్యూమ్‌లో పెట్టి బుడగలు తీసేయండి. అంచుల చుట్టూ కూడా ఎపాక్సీ రావాలి, ఎందుకంటే ఎఫ్‌ఆర్‌4 కోసిన అంచులో గాజు పోగులు తెరిచి ఉంటాయి, తేమ వాటి వెంబడే లోపలికి పాకుతుంది. ఆ తర్వాత మొత్తం బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (పల్చటి రక్షణ పూత). ఉప్పు గాలి ఉన్న చోట ఇన్సులేషన్ ప్రమాణాల్లోని కాలుష్య స్థాయి 3గా తీసుకుని, కోటింగ్‌ను నమ్ముకోకుండా, ఉపరితలం మీది దూరాన్ని 8 మి.మీ. నుంచి పెంచండి. మధ్య రేకును ఇంకాస్త వెడల్పు చేస్తే సరిపోతుంది, కాయిల్ బొమ్మ మార్చక్కర్లేదు. ఎపాక్సీ పోశాక ఇండక్టెన్స్ మారదు కానీ వైండింగ్ సొంత కెపాసిటెన్స్ కొంచెం పెరుగుతుంది, కాబట్టి 150 పికోఫారడ్ విలువను పోసిన తర్వాతే ఖాయం చేయండి.

ఎపాక్సీ పోసిన జంటలకు హైపాట్ (అధిక వోల్టేజి తట్టుకునే) పరీక్ష చేసి ఫలితాలు ఇక్కడ పెట్టండి. వాటిని చూశాక మా తర్వాతి బ్యాచ్ డ్రైవర్లకు ఇదే పద్ధతి వాడాలా వద్దా అన్నది తేల్చుకుంటాను.